పందెపు గుఱ్ఱమునకు వేసెడి అంకె

పల్నాడు అనగానే తెలుగువారికి మొట్టమొదట జ్ఞప్తికి వచ్చునది కోడిపోరు. పండ్రెండవ శతాబ్దమున గురజాల, మాచర్ల రాజ్యముల నడుమ పెరిగిన పగ చివరకు రెండు కోళ్ల కాళ్లపై నిలిచినదని వీరగాథ చెప్పుచున్నది. మాచర్ల పక్షమున బ్రహ్మనాయుని పుంజు చిట్టిమల్లు; గురజాల పక్షమున నాయకురాలు నాగమ్మ పుంజు శివంగిడేగ. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని పణము. మాచర్లవారు ఓడిరి, పోయిరి. గడువు తీరిన పిమ్మట రాజ్యము తిరిగి అడుగుటకు నడచిన రాయబారము చెడినది. కారంపూడి వద్ద, నాగులేటి ఒడ్డున, అన్నదమ్ముల పక్షములు కత్తులు దూసినవి. నేటికిని కార్తికమాసము చివర కారంపూడిలో ఐదు దినములు జరుగు వీరారాధనోత్సవములలో ఒక దినమునకు కోడిపోరు అనియే పేరు.

పందెమును గుఱించి మాటలాడునపుడు ఈ కథను నీతి చెప్పుటకే వాడుకొనుట పరిపాటి. ఇందు మఱియొక ప్రశ్న కూడ కలదు. రాజ్యమునే పణముగా ఒడ్డినవారు తమ పుంజు గెలుచునని ఏ కొలతతో నిర్ణయించుకొనిరి? ఒక జంతువు బలమును ముందుగా అంచనా వేయవచ్చునా? వేసిన అంచనా నమ్మి ధనము ఒడ్డవచ్చునా? ఈ రెండు ప్రశ్నలు ఒకటే యని చాలమంది తలంతురు. అవి ఒకటి కావు. వాని నడుమనున్న దూరమును చూపుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

కోడి బలమును నిర్ణయించుటకు మనవారికి ఒక శాస్త్రమే కలదు. దానికి కుక్కుటశాస్త్రమని పేరు. ఈకల రంగును బట్టి పుంజులను నెమలి, డేగ, కాకి, పింగళ మున్నగు జాతులుగా విభజింతురు. ఏ పక్షమున, ఏ వారమున, ఏ జామున ఏ రంగు పుంజునకు బలమో అందు చెప్పబడియుండును. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క వేళ రాజ్యము, భోజనము, గమనము, నిద్ర, మరణము అను అవస్థలు కలవట. రాజ్యవేళ దింపిన పుంజు గెలుచును. మరణవేళ దింపినది ఓడును. పల్నాటిలోని వినుకొండ పేరు ఇంటిపేరుగా గల వల్లభరాయని పేరిట వెలసిన క్రీడాభిరామములో ఓరుగంటి కోడిపందెముల వర్ణన కలదు. ఈ వినోదము మనకు ఎంత పాతదో దానివలన తెలియును.

ఈ శాస్త్రమును నమ్మువాడు ఒక చిన్న సంగతి మఱచును. ఎదిరి పక్షమువాని సంచిలోను అదే పుస్తకము ఉండును. ఇద్దరును తమ తమ పుంజులకు మంచిదని తోచిన వేళకే బరికి వత్తురు. ఇద్దరిలో ఒకడు ఓడక తప్పదు. పుస్తకము తప్పో ఒప్పో అటుంచుడు. ఇరువురికిని తెలిసిన రహస్యము ఏ ఒక్కరికిని బలము కానేరదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలసినదిగా శ్రోతలను కోరుచున్నాను. గుఱ్ఱపుపందెముల లెక్క యంతయు చివరకు ఈ మాట యొద్దకే వచ్చి చేరును.

ఈకల రంగు కంటె నమ్మదగిన కొలత కూడ పల్నాటి రైతునకు తెలియును. తిరునాళ్లలో జరుగు ఎడ్ల బండలాగుడు పోటీలను చూచినవారు ఎఱుగుదురు. జతను బరిలోనికి తెచ్చునపుడు మొదట నోరు తెఱచి పళ్లు చూతురు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగములు వేఱు. పన్ను వయస్సును చెప్పును. వయస్సు బలమును చెప్పును. రెండు పళ్ల గిత్తను నిండు వయస్సు ఎద్దుతో జతగట్టి పోటీ పెట్టుట అన్యాయమని అందరికిని తెలియును. నియమిత కాలములో బండ ఎన్ని అడుగులు కదలినదో కొలిచి ఫలితము చెప్పుదురు. పోటీ సమముగా నుండుటకై ముందుగా బలమును తరగతులుగా విభజించుట, పిదప కొలిచి చెప్పుట - గుఱ్ఱపుపందెముల వారి పద్ధతికి మూలసూత్రము ఇదియే.

పల్నాడు సీమలో గుఱ్ఱపుపందెముల మైదానము లేదు. నరసరావుపేట నుండియో, మాచర్ల నుండియో రేసులు చూడబోవువారు హైదరాబాదు మలక్‌పేటకు పోవలసినదే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, 1886లో, పందెములు మౌలాలీ నుండి మలక్‌పేటకు మారినవి. అంతకు నూఱేండ్లకు పూర్వమే, 1777 నాటికే, మదరాసు గిండీలో పందెములు మొదలైనవి. ఈ పందెములకు సంబంధించిన ఆంగ్లపు మాటలే నేడు తెలుగువాడుకలో స్థిరపడినవి: రేసు, జాకీ, బుకీ, ఫేవరెట్టు, రేటింగు, హాండికాపు. వీనిలో చివరి రెండును తెలిసికొన్నచో తక్కినవి తేలికగా బోధపడును.

రేటింగు అనగా గుఱ్ఱమునకు వేసెడి అంకె. ఒక గుఱ్ఱము ఇంతకు మునుపు ఏయే గుఱ్ఱములతో, ఎంత దూరము, ఎంత బరువు మోయుచు పరుగెత్తినది, ఎంత వెలితితో గెలిచినది లేక ఓడినది అని లెక్కించి, క్లబ్బువారు నియమించిన అధికారి ఈ అంకెను నిర్ణయించును. గెలిచిన గుఱ్ఱము అంకె పెరుగును; వరుసగా ఓడిన గుఱ్ఱము అంకె తగ్గును. అంకెలను బట్టి తరగతులు ఏర్పడును. ఉదాహరణకు, 40 మొదలు 65 వరకు అంకెలు గల గుఱ్ఱములు ఒక తరగతిలో పరుగెత్తును. ఇది మన ఎడ్ల పళ్ల లెక్క వంటిదే. పళ్లకు బదులు గత చరిత్రను చూతురు.

తరగతిలో చేర్చినంత మాత్రమున సమత్వము రాదు. 65 అంకె గల గుఱ్ఱమును 45 అంకె గల గుఱ్ఱముతో పరుగెత్తించినచో మొదటిదే గెలుచునని పసిపిల్లవాడును చెప్పగలడు. కావున బలమైన గుఱ్ఱముపై ఎక్కువ బరువు మోపుదురు. దీనికే హాండికాపని పేరు. ఇంగ్లండులో అంకెకొక పౌను చొప్పున బరువు పెరుగును. మన దేశమున సుమారు అరకిలో. కనుక ఆ రెండు గుఱ్ఱముల నడుమ ఇరువది అంకెల భేదమునకు పది కిలోల బరువు భేదము ఏర్పడును. జాకీ బరువు చాలకున్నచో జీనులో సీసపు పలకలు పెట్టి తూకము సరిచేయుదురు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో అడ్మిరల్ రౌస్ అను నౌకాధికారి వయస్సునకు తగిన బరువుల పట్టికను సిద్ధపఱచి ఈ విద్యకు ఒక క్రమము కల్పించెను. హాండికాపు వేయు అధికారి ఆదర్శము ఒక్కటే: గుఱ్ఱములన్నియు ఒకే క్షణమున గమ్యమును చేరవలెను.

రేటింగు చూచి పందెము కాయువాడు ఇచ్చటనే మొదటి పొరపాటు చేయును. పెద్ద అంకె చూచి, ఇది బలమైన గుఱ్ఱము గనుక గెలుచునని ధనము ఒడ్డును. కాని ఆ అంకె ఎంత పెద్దదో, ఆ గుఱ్ఱము వీపుపై బరువు అంత పెద్దది. అంకె ఇచ్చిన ఆధిక్యమును తూకపురాయి తీసివేసినది.

దీనికి జగత్ప్రసిద్ధమైన నిదర్శనము ఆస్ట్రేలియా గుఱ్ఱము ఫార్ లాప్. అది 1930లో మెల్‌బోర్న్ కప్పు పందెమున సుమారు అరువది రెండున్నర కిలోల బరువు మోయుచు గెలిచెను. మఱుసటి యేట అదే పందెమున దానిపై అరువది యెనిమిది కిలోలు మోపిరి. ఆ గుఱ్ఱము ఎనిమిదవ స్థానమున వచ్చెను. 1932లో అది మరణించిన పిమ్మట గుండెను తూచి చూడగా ఆరు కిలోలకు పైగా ఉండెను. సామాన్యపు గుఱ్ఱపు గుండెతో పోల్చిన అది చాల పెద్దది. ఆ గుండెను నేటికిని కాన్‌బెరా నగరములోని జాతీయ ప్రదర్శనశాలలో భద్రపఱచియున్నారు. అంతటి గుండెయు ఐదున్నర కిలోల అధికభారమునకు లొంగినది.

ఇక దేహదార్ఢ్యము మాట. రేటింగు గతమును చెప్పును. నేటి మధ్యాహ్నము ఈ గుఱ్ఱము పరుగునకు సిద్ధముగా నున్నదా యను ప్రశ్న వేఱు. ఇందుకు శరీరశాస్త్రము కొంత తోడ్పడును. విశ్రాంతిగా నున్న గుఱ్ఱము గుండె నిమిషమునకు ముప్పది నలుబది మార్లు కొట్టుకొనును. పూర్తి వేగమున రెండువందలకు పైబడును. పరుగు ముగిసిన తరువాత ఆ వేగము ఎంత త్వరగా దిగివచ్చునో అంత మంచి సాధన జరిగినట్లు గుర్తు. గుఱ్ఱమునకు మఱియొక విశేషము కలదు. దాని ప్లీహమున ఎఱ్ఱ రక్తకణములు నిలువయుండి, పరుగు వేళ రక్తములోనికి విడుదలయగును. అందువలన కండరములకు ప్రాణవాయువు విశేషముగా అందును. జపాను, హాంకాంగు దేశములలో గుఱ్ఱముల దేహపు తూకమును పందెమునకు ముందే ప్రకటింతురు. మన క్లబ్బులలో ఉదయపు సాధనలో ఏ గుఱ్ఱము ఎన్ని సెకండ్లలో ఎంత దూరము పరుగెత్తినదో పత్రికలలో వచ్చుచుండును. పందెమునకు ముందు గుఱ్ఱములను త్రిప్పు ఆవరణలో నిలిచి, రోమముల నిగనిగ, నడక, చెవుల కదలిక, మెడపై చెమట చూచి తీర్పు చెప్పు అనుభవజ్ఞులును కలరు. సంతలో ఎద్దును కొను పల్నాటి రైతు చూపునకు ఇది కొత్తది కాదు.

ఈ గుర్తులన్నిటిని మూఢనమ్మకములని త్రోసివేయరాదు. కోడి ఈకల రంగు కంటె ఇవి వేయిరెట్లు మేలు. అయినను వీనికి హద్దు కలదు. ఉదయపు సాధనలో గుఱ్ఱముపై ఎంత బరువు గలవాడు ఎక్కెనో, దానిని గట్టిగా అదలించెనో లేక పగ్గము బిగించి పట్టెనో ఆ సెకండ్ల అంకె చెప్పదు. చెమట భయము వలన పట్టవచ్చును, ఎండ వలన పట్టవచ్చును. వాన పడి నేల మెత్తబడిన యెడల నిన్నటి లెక్క నేడు చెల్లదు. పరుగు మొదలుపెట్టుటలో ఒక్క క్షణము జాగు, మలుపు వద్ద దారి చిక్కకపోవుట, ఎదుటి గుఱ్ఱపు గిట్ట తగులుట - ఇవి ఏ అంకెలోను ఇమడవు. కపటమును సయితము అంకె కనిపెట్టజాలదు. చిట్టిమల్లు ఓటమిలో నాగమ్మ పక్షమువారి మాయ ఉన్నదని గాథ చెప్పును. నేడు గెలిచిన గుఱ్ఱముల మూత్రమును, రక్తమును పరీక్షించి మందులు వాడినారేమో చూచుట పలు దేశములలో నియమము. కాని ఆ పరీక్ష జరుగునది పరుగు ముగిసిన పిమ్మట.

ఇంతవరకు చెప్పినది గుఱ్ఱమును గుఱించి. పందెము కాయుట గుఱ్ఱమును గుఱించినది మాత్రమే కాదు. అది ధరను గుఱించిన బేరము. టోటు అను యంత్రపద్ధతిలో అందఱి పందెపు డబ్బును ఒకచో చేర్చి, క్లబ్బు భాగము, ప్రభుత్వ భాగము తీసివేసి, మిగిలినదానిని గెలిచిన గుఱ్ఱముపై కాచినవారికి పంచుదురు. ఈ పద్ధతిని 1860 ప్రాంతపు దశాబ్దమున పారిస్ నగరమున ఒల్లెర్ అనునతడు ప్రవేశపెట్టెను. 1913లో న్యూజీలాండులో జూలియస్ అను ఇంజనీరు దీనికి పెద్ద లెక్కయంత్రమును అమర్చెను. ఈ పద్ధతిలో మీరు పోరాడునది గుఱ్ఱముతో కాదు, క్లబ్బుతో కాదు. మీ ప్రక్కన నిలిచి అదే రేసుపుస్తకము చూచుచున్న మనుష్యునితో.

ఒక ఊహాలెక్క వేసి చూతము. నూఱుగురు మనుష్యులు తలకు నూఱు రూపాయలు ఒడ్డిరనుకొందము. మొత్తము పదివేలు. సౌలభ్యమునకై నూటికి ఇరువదియైదు తీసివేతలని అనుకొన్నచో మిగిలినది ఏడువేల ఐదువందలు. రేటింగు, ఉదయపు సాధన, చెవులు, చెమట అన్నియు చూచి ఏబదిమంది ఒకే గుఱ్ఱముపై కాచిరి. అది గెలిచినచో తలకు వచ్చునది నూటయేబది రూపాయలు. వారి అంచనా సరియే అనుకొందము. ఆ గుఱ్ఱము నిజముగనే రెండుమార్లకొక మారు గెలుచు గుఱ్ఱము. అట్టి పందెములు నూఱు కాచినవాడు పదివేలు ఒడ్డి, ఏబదిమార్లు గెలిచి, ఏడువేల ఐదువందలు తెచ్చుకొనును. అంచనా తప్పలేదు, రెండువేల ఐదువందలు పోయినవి. నష్టము లేకుండుటకే ఆ గుఱ్ఱము మూడింట రెండుమార్లు గెలువవలెను.

మఱి లాభము ఎవరికి? అదే పందెములో ఐదుగురు మాత్రమే కాచిన గుఱ్ఱమొకటి ఉన్నదనుకొందము. అది గెలిచినచో తలకు పదునైదువందలు. లోకము దానికి నూటికి ఐదుపాళ్లు అవకాశమున్నదని తలంచినది. వాస్తవముగా పదిపాళ్లు ఉన్నదని మీకొక్కరికే తెలిసినచో, నూఱు పందెములలో పదివేలు ఒడ్డి పదునైదువేలు పొందుదురు. కాని నూటికి తొంబది మార్లు మీరు ఓడుచునే యుందురు. ఇరువది, ముప్పది ఓటములు వరుసగా రావచ్చును. అంతవరకు చేతిలో డబ్బు నిలువవలెను, మనస్సు నిలువవలెను, ఇంటిలో పొయ్యి వెలుగవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఇతరులకు తెలియనిది మీకు తెలిసియుండవలెను. పత్రికలో అచ్చుపడిన రేటింగు అట్టిది కాదు. అది పదివేలమంది చదివిన సంగతి.

అందఱు మెచ్చిన ఫేవరెట్టు గుఱ్ఱము లోకమున స్థూలముగా మూడు పందెములలో ఒకటి గెలుచుచున్నది. కనుక జనసమూహము మూర్ఖమైనది కాదు. దాని అంచనా చాలవరకు సరియైనదే. ఆ సరియైన అంచనాయే ధరలో ఇమిడిపోయి మీ లాభమును మ్రింగివేయుచున్నది. అమెరికాలోని పందెములను పరిశీలించి గ్రిఫిత్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1949లో ఒక వింత చూపెను. జనులు గెలుపునకు దూరముగానున్న గుఱ్ఱములపై ఉండదగినదానికంటె ఎక్కువ డబ్బు కాయుదురట. ఒకటి పెట్టి ఏబది పొందవలెనను ఆశయే అందుకు కారణము. హాంకాంగులో బెంటర్ అను అమెరికనుడు కంప్యూటరుతో రేసులను గణించి విశేషధనమార్జించెను. ఆతడును తన లెక్కను మాత్రమే నమ్మలేదు. జనుల పందెములు తెలుపు ధరను కూడ అందులో కలిపినపుడే ఫలము కలిగెనని 1994లో వ్రాసెను. దానికి ఏండ్ల తరబడి సేకరించిన వివరములు, యంత్రములు, పనివారు, పెద్ద పెట్టుబడి కావలసివచ్చెను. అది ఆదివారపు వినోదము కాదు, ఒక కర్మాగారము.

తీసివేతలు నేను పైన ఊహించినంత తేలికగా లేవు. క్లబ్బు భాగము అటుండగా, గుఱ్ఱపుపందెములపై వస్తుసేవల పన్ను 2017లో నూటికి 28గా మొదలై, 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 40 అయినది. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకు తక్కువ లేదని మన సామెత. ఇచ్చట గుఱ్ఱము గెలిచినను ఓడినను దాణా పెట్టువాడు పందెము కాచినవాడే.

చట్టమును గుఱించి ఒక అపోహ కలదు. 1996లో సుప్రీంకోర్టు, లక్ష్మణన్‌కును తమిళనాడు రాష్ట్రమునకును నడుమ నడచిన వ్యాజ్యమున, గుఱ్ఱపుపందెము ప్రధానముగా నైపుణ్యముపై ఆధారపడినదని తీర్పు చెప్పెను. గుఱ్ఱపు వేగము, ఓర్పు, జాకీ చాతుర్యము, శిక్షణ ఇందుకు కారణములు. కోడిపందెముల సంగతి వేఱు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూదముల చట్టము వానిని నేరముగా పరిగణించుచున్నవి. నైపుణ్యమని న్యాయస్థానమే చెప్పినది గనుక రేసు జీవనోపాధి కాగలదని కొందఱు వాదింతురు. న్యాయస్థానము తీర్చినది శిక్షార్హమగునా కాదా యను ప్రశ్నను. మీ సంసారమునకు లాభమా నష్టమా యను ప్రశ్నను ఏ న్యాయమూర్తియు తీర్పజాలడు. నైపుణ్యమున్నదనుట నిజమే, అది మీయందు ఉన్నదనుటకు నిదర్శనము వేఱుగా కావలెను.

కాబట్టి రేటింగు పట్టిక చేత పట్టుకొన్న వానికి మూడు ప్రశ్నలు చాలును. ఈ అంకె దేనిని కొలుచుచున్నది - గత బలమునా, నేటి సిద్ధతనా? దీనివలన కలుగు ఆధిక్యమును మోపిన బరువు ఇదివరకే తీసివేసినదా? నాకు తెలిసినది ఎదుటివానికి తెలియదని నాకు నమ్మకమేమి? మూడవ ప్రశ్నకు నికరమైన సమాధానము లేనివాడు పందెమునకు పెట్టు డబ్బును నాటకపు టిక్కెట్టు కొన్న డబ్బువలె తలంపవలెను. మిర్చి అమ్మిన సొమ్ము, పత్తి విత్తనమునకు దాచిన సొమ్ము, ఆడపిల్ల చదువునకు కూడబెట్టిన సొమ్ము అందు చేరరాదు. పోయినదానిని రాబట్టుకొనుటకై మఱల ఒడ్డుట అన్నిటికంటె ప్రమాదకరము. మొదటి నష్టము లెక్కలోని తీసివేతల వలన వచ్చినది. రెండవ నష్టము మనస్సు తొందర వలన వచ్చును, దానికి హద్దు ఉండదు. తెచ్చినవాడు ఒక్కడు, తీర్చవలసినవారు ఇల్లంతయు. ఇంటి ఇల్లాలికి చెప్పి ఒడ్డగలిగినంత మొత్తమే ఒడ్డదగిన మొత్తమని ఒక తేలికైన కొలత పెట్టుకొనవచ్చును. చెప్పుటకు జంకు పుట్టిన చోట ఆ మొత్తము హద్దు దాటినదని గ్రహింపవలెను.

గుఱ్ఱమును చూచి ఆనందించుటకు పందెము అవసరము లేదు. సుమారు ఐదువందల కిలోల దేహము నాలుగు సన్నని కాళ్లపై గాలివలె సాగిపోవుట చూడదగిన దృశ్యము. దాని గుండె, ఊపిరి, కండరము ఎట్లు పనిచేయునో తెలిసిన కొలది ఆ దృశ్యము మఱింత రమ్యమగును. బండలాగుడు బరి వద్ద జత కదలిన అడుగులు లెక్కించుచు రైతు పొందు సంతోషము ఇట్టిదే. రేటింగు మనకు ఆ గుఱ్ఱమును అర్థము చేసికొనుటకు పనికివచ్చును. ఆ అంకెను నమ్మి ఇల్లు ఒడ్డుమని మాత్రము అది ఎన్నడును చెప్పలేదు.